బావుల్ చేతిలో మా ఊరి జముకు

మొన్న దసరాల్లో అష్టమి రాత్రి అమ్మా నేనూ మా ఎంవీపీ కాలనీకి దగ్గర్లో బెంగాలీవాళ్ళు పెట్టే దుర్గమ్మ పందిరికి వెళ్ళాం. ఏటా వెళ్తాం. విశాఖలో దసరా సెలవులంటేనే సగం ఊరు బెంగాలీ మాట్లాడుతున్నట్టు ఉంటుంది, హౌరా నుంచి వచ్చే ప్రతి రైలూ నిండిపోతుంది, బీచ్ రోడ్‌లో పల్లీలమ్మే కుర్రాడు కూడా ఒకటి రెండు బెంగాలీ ముక్కలు నేర్చేసుకుంటాడు. అమ్మకి ఆ దుర్గమ్మ కళ్ళంటే ఇష్టం. నాకు పూజయ్యాక దొన్నెలో పెట్టే కిచిడీ ఇష్టం. ఆ రాత్రి కిచిడీ లైన్లో నిలబడి ఉండగా వెనక స్టేజీ మీంచి ఒక చప్పుడు వినబడింది, డుబుక్ డుబుక్‌మని మొదలై మధ్యలో మనిషి మూలిగినట్టు సాగి మళ్ళీ తెగిపోయే చప్పుడు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని లాగింది. "ఏటే ఇది, ఇక్కడ జముకెవరు వాయిస్తన్నారు?"

వెనక్కి తిరిగి చూస్తే స్టేజీ మీద కాషాయం రంగు పొడుగు చొక్కా, తలకి గుడ్డ, కాళ్ళకి గజ్జెలు కట్టుకున్న ఒక పెద్దాయన. బావుల్ అని తర్వాత తెలిసింది, అంటే బెంగాల్ పల్లెల్లో పాడుకుంటూ తిరిగే సాధకుడు. అరవై దాటి ఉంటాయి. ఎడమ చంకలో చిన్న కుంచమంత డొల్ల ఇరికించుకున్నాడు. దానికి ఒకవైపు తోలు, తోలు మధ్యలోంచి బయటికొచ్చిన నరం, ఆ నరం కొసకి చిన్న ఇత్తడి గిన్నెలాంటి పిడి. ఆ పిడిని ఎడమ గుప్పిట్లో పట్టుకుని బిగిస్తుంటే శ్రుతి పైకి లేస్తోంది, వదిలితే జారిపోతోంది, కుడిచేత్తో నరాన్ని మీటుతున్నాడు. ఉత్తరాంధ్రలో పుట్టిన ఎవరికైనా అది చూడగానే జముకే గుర్తొస్తుంది. మా అమ్మమ్మగారి ఊరు విజయనగరం అవతల, అమ్మవారి పండగలకి ఎల్లమ్మ కథ చెప్పడానికి వచ్చేవాళ్ళ చేతిలో ఉండేది అచ్చంగా ఇదే: డొల్ల, తోలు, నరం, కొసన కర్రముక్క. పేరు వేరు. వాళ్ళు ఖమక్ అంటారట. ఇంత దూరంలో ఉన్న రెండు ఊళ్ళలో, ఒకరికొకరు తెలియని మనుషులు, ఒకే మూలుగుని పట్టుకోవడానికి ఒకే పనిముట్టు చేసుకున్నారన్నది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మా పై ఫ్లోర్‌లో ఒక బెంగాలీ ఆవిడ ఉంటుంది. భర్త రైల్వేలో చేసి రిటైరయ్యారు, ముప్పై ఏళ్ళుగా విశాఖలోనే, తెలుగు బాగా మాట్లాడుతుంది, కాకపోతే 'వ' అన్న చోటల్లా 'బ' అంటుంది. అందరం దీదీ అంటాం. పుట్టిల్లు వీర్‌భూమ్ జిల్లా, బోల్‌పూర్ పక్కన. ఆ పెద్దాయన వాళ్ళ ఊరివైపు మనిషేనని, మర్నాడు పొద్దున్న టీకి పిలిచానని, మమ్మల్ని కూడా రమ్మంది. వెళ్ళాం. ఆయన బాల్కనీలో కింద కూర్చుని టీలో మరమరాలు వేసుకుని తింటున్నాడు. నేను ఖమక్ పట్టుకోవచ్చా అని అడిగితే ఇచ్చేశాడు, ఎలా బిగించాలో నా గుప్పిట మీద తన గుప్పిట వేసి చూపించాడు, ఆ వేళ్ళు చెట్టు బెరడులా ఉన్నాయి. ఇంతలో వంటింటి గుమ్మం దగ్గర అమ్మ దీదీని గొంతు తగ్గించి అడుగుతోంది, "ఆయనేవిట్లు దీదీ?"

ఈ "ఏవిట్లు" అన్న మాట తెలుగువాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఊరు అడిగాక, ఇంటిపేరు అడిగాక, అప్పటికీ తేలకపోతే మనం అడిగే మాట. మా అమ్మ చెడ్డ మనిషి కాదు, ఎవర్నీ చిన్నచూపు చూడదు, కానీ ఆ ప్రశ్న ఆవిడ నోట్లోంచి ఊపిరిలాగే వచ్చేస్తుంది. దీదీ మొహమాటపడకుండా నేరుగా ఆయన్నే బెంగాలీలో అడిగేసింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టి చెప్పిన జవాబు దీదీ మాకు తెలుగులో చెప్పింది. "నా పేరు చివర దాస్ అని ఉంది, అది గురువు ఇచ్చింది. అంతకుముందు ఉన్నదాన్ని ఆయన దగ్గరే వదిలేశాను. వదిలేసినదాన్ని మళ్ళీ నోట్లో పెట్టుకోకూడదు." తర్వాత ఆయనే అమ్మని అడిగాడు, మీ ఊళ్ళో ఇలాంటిది వాయించేవాడున్నాడని చెప్పావు కదా తల్లీ, ఆయన పేరేంటి, ఇంకా ఉన్నాడా అని.

అమ్మకి పేరు తెలియదు. జముకులోడు అనేవాళ్ళు, అంతే.

ఆ పొద్దుటి నుంచి ఈ బావుల్‌ల గురించి దొరికిందల్లా చదువుతున్నాను, దీదీని విసిగిస్తున్నాను. రాయకపోతే నాకు నిద్రపట్టేలా లేదు.

బావుల్ అన్న మాట 'వాతుల' నుంచి వచ్చిందని చాలామంది అంటారు, అంటే గాలి సోకినవాడు, మన భాషలో చెప్పాలంటే గాలి పట్టినోడు, పిచ్చోడు. వ్యాకులం నుంచి వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. ఇక్కడ మన విశాఖకి సంబంధించిన సంగతి ఒకటుంది, అది తెలిసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. బెంగాల్ కృష్ణభక్తుడు చైతన్య మహాప్రభువు 1510లో సన్యాసం తీసుకుని దక్షిణాదికి నడుచుకుంటూ వచ్చినప్పుడు మన సింహాచలం వచ్చాడు, అప్పన్న ముందు పాడి ఆడి, అక్కణ్ణించి గోదావరి ఒడ్డుకి వెళ్ళి రాయ రామానందుణ్ణి కలిశాడు. ఈ కథ చెప్పేది చైతన్య చరితామృతం, కృష్ణదాస కవిరాజు రాసిన బెంగాలీ గ్రంథం. అదే గ్రంథం చివర్లో, చైతన్యుడు పూరీలో ఉండగా ఆయన అనుచరుల్లో పెద్దవాడైన అద్వైతాచార్యుడు ఆయనకి ఒక పొడుపుకథ లాంటి కబురు పంపుతాడు: ఆ బావుల్‌కి చెప్పండి, జనమంతా బావుల్‌లైపోయారు, సంతలో ఇక బియ్యం అమ్ముడుపోవడం లేదు, ఈ మాట చెప్పిందీ ఒక బావులే అని. అప్పటికి బావుల్ అంటే ఒక మతం పేరు కాదు, దేవుడి పిచ్చి పట్టినవాడనే. అలా మొదలైన మాట రెండు మూడు వందల ఏళ్ళలో ఒక రకం మనుషుల పేరైంది. బెంగాల్‌లో ఇప్పటికీ కొందరు బావుల్‌ల పేరు ముందో వెనకో ఖ్యాపా అని ఉంటుంది, దానికీ అర్థం పిచ్చివాడనే.

ఎవరు వీళ్ళు? ఎక్కువమంది పల్లెల్లోని పేదవాళ్ళు. నేతపనివాళ్ళు, చిన్న రైతులు, పడవవాళ్ళు, ఊరి చివర ఉండే కులాలవాళ్ళు, అందులో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. ముస్లింల వైపు ఎక్కువగా ఫకీర్ అంటారు, హిందువుల వైపు బావుల్, వైష్ణవుడు అంటారు, కానీ హిందువుకి ముస్లిం గురువు, ముస్లింకి హిందూ గురువు ఉండడం వాళ్ళలో వింత కాదు. గుడి, మసీదు, వేదం, ఖురాన్, జంధ్యం, తీర్థయాత్ర, ఇవేవీ వాళ్ళకి దారి కాదు. శరీరమే దారి. మట్టికుండలో ఏముందో బ్రహ్మాండంలో అదే ఉంది అంటారు. మన తత్వాలు పాడేవాళ్ళ నోట పిండాండం బ్రహ్మాండం అని వింటాం కదా, అదే. లోపల ఉన్నవాణ్ణి వాళ్ళు మొనేర్ మానుష్ అంటారు, మనసులోని మనిషి. దేవుడు అనరు, మనిషి అంటారు, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఈ ఆలోచన ఎక్కణ్ణించి వచ్చిందంటే ఒక ఏరు కాదు, మూడు ఏర్లు కలిశాయి: పాత బౌద్ధ సహజయానం (ఆ పాటల తాళపత్రాలు 1907లో హరప్రసాద్ శాస్త్రి అనే పండితుడికి నేపాల్ రాజుగారి గ్రంథాలయంలో దొరికాయి), వైష్ణవ సహజియాలు (దేహసాధన దారి పట్టిన వైష్ణవులు), సూఫీలు. మనవైపు బ్రహ్మంగారికి దూదేకుల సిద్దయ్య శిష్యుడు కాలేదా, అలాంటి కలయికలు బెంగాల్ పల్లెల్లో వందలు.

వీళ్ళు పెరిగిన కాలం కూడా గుర్తుపెట్టుకోవాలి. బెంగాల్‌కి 1793లో శాశ్వత బందోబస్తు, అంటే శిస్తుని శాశ్వతంగా కట్టి జమీందార్లకి అప్పగించే పద్ధతి, వచ్చింది, మన విజయనగరం వైపు అదే పద్ధతి 1802లో వచ్చింది, కాబట్టి జమీందారు, శిస్తు, వెట్టి అంటే ఏమిటో మనకి వేరే చెప్పక్కర్లేదు. ఇంటా బయటా ఎవరో ఒకరికి తలొంచి బతికే మనిషికి, నీ ఒంట్లోనే కాశీ ఉంది, మక్కా ఉంది, ఎవడికీ దక్షిణ ఇవ్వక్కర్లేదు అని చెప్పే గురువు దొరికితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఈ పాటలు కట్టినవాళ్ళలో అందరికన్నా పేరున్న లాలన్ ఫకీర్ కథ దగ్గర కాస్త ఆగుతాను. ఈయన ఉన్నది కుష్టియా దగ్గర ఛేఉరియా అనే పల్లెలో, ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. జనం చెప్పుకునే కథేంటంటే, కుర్రతనంలో యాత్రకి వెళ్తుంటే దారిలో మశూచి పోసింది, తోటివాళ్ళు చచ్చిపోయాడనుకుని నదిలో వదిలేశారు, ఒడ్డుకి కొట్టుకొస్తే ఒక ముస్లిం నేతవాడి ఇంట్లో వాళ్ళు తెచ్చి బతికించారు. కోలుకుని ఇంటికి వెళ్తే, ముస్లిం ఇంట్లో తిన్నావు కాబట్టి నువ్వు మావాడివి కావన్నారు. ఇది ఎంత నిజమో ఆయన నోటితో ఎప్పుడూ చెప్పలేదు. నీ కులమేంటి అని బతికినంత కాలం అందరూ అడుగుతూనే ఉన్నారు, ఆయన దానికి జవాబు చెప్పకుండా పాట కట్టాడు, లాలన్ కులమేంటని లోకమంతా అడుగుతోంది, కులం రూపం ఎలా ఉంటుందో ఈ కళ్ళతో నేనెప్పుడూ చూడలేదే అని. ఇంకో చరణం ఉంది, అది మొదటిసారి అర్థమైనప్పుడు నేను దీదీని మళ్ళీ మళ్ళీ చెప్పమన్నాను: సున్తీ చేస్తే ముస్లిం అవుతాడు సరే, మరి ఆడదానికి గుర్తేంటి? జంధ్యం చూసి బ్రాహ్మణుణ్ణి పోల్చుకుంటాను, బ్రాహ్మణిని దేన్ని చూసి పోల్చుకోను? అక్షరం ముక్క చదువుకోని మనిషి నూట యాభై ఏళ్ళ కిందట అడిగిన ప్రశ్న. మన వేమనతో పక్కపక్కన కూర్చోబెట్టాలనిపిస్తుంది ఇద్దర్నీ.

1890 అక్టోబర్ 17న పోయాడు. కుష్టియా నుంచి వచ్చే హితకరి అనే పత్రిక ఆ నెలాఖర్లో ఆయన గురించి రాసింది, వయసు 116 అని, శిష్యులు పదివేలమంది ఉంటారని. రాత్రంతా శిష్యులతో పాడుతూ కూర్చుని, తెల్లవారుజామున ఐదింటికి నేను వెళ్తున్నాను అన్నాడట, కాసేపటికి ప్రాణం పోయింది. ఆయన ముందే చెప్పిపెట్టిన ప్రకారం పురోహితుడూ రాలేదు, ముల్లా రాలేదు, తను ఉన్న చోటే, ఆఖ్డాలోనే (గురువూ శిష్యులూ ఉండే ఆశ్రమంలాంటిది), పాతిపెట్టారు. ఇంత చేసి వెళ్ళినా జనం వదల్లేదు. దేశం రెండయ్యాక, హిందువుల ఇంట పుట్టాడని కొందరు, కాదు పుట్టుకతోనే ముస్లిమని కొందరు పండితులు పుస్తకాల మీద పుస్తకాలు రాశారు. బతికుండగా అడిగిన ప్రశ్నే, సమాధి మీద కూడా అడిగారు. అమ్మ అడిగిన "ఏవిట్లు" ఎంత మొండిదో నాకు అప్పుడు అర్థమైంది.

చదువుకున్నవాళ్ళు వీళ్ళని మొదట్లో ఎలా చూశారో చదివితే బాధేస్తుంది. 1896లో జోగేంద్రనాథ్ భట్టాచార్య అనే పండితుడు హిందూ కులాల మీద పెద్ద పుస్తకం వేశాడు, అందులో బావుల్‌లు తక్కువ తరగతి మనుషులని, పనిగట్టుకుని మురికిగా కనబడతారని రాశాడు. ఇటు ఆచారవంతులైన హిందువులకి వీళ్ళు కులం చెడగొట్టేవాళ్ళు, అటు సంస్కరణ కోరే మౌల్వీలకి ఇస్లాంని పాడుచేసేవాళ్ళు. 1920ల్లో రంగపూర్ నుంచి బావుల్ ధ్వంస ఫత్వా అని ఏకంగా ఒక పుస్తకమే వచ్చింది, పేరులోనే ధ్వంసం ఉంది. ఫకీర్లని పట్టుకుని జుట్టు కత్తిరించడం, వాళ్ళ ఒంటితీగ వాద్యాలు, ఏకతారలు, విరగ్గొట్టడం అప్పటికే మొదలైంది.

చిత్రమేంటంటే ఈ తిట్లు పడుతున్న దశాబ్దాల్లోనే బాబులకి, అంటే చదువుకున్న బెంగాలీ పెద్దమనుషులకి, వీళ్ళ పాట మీద ప్రేమ పుట్టింది. కుమార్‌ఖాలీలో కాంగాల్ హరినాథ్ అని ఒక పత్రికాయన ఉండేవాడు, జమీందార్ల దౌర్జన్యాలు బయటపెట్టేవాడు, ఆయన మీదకి జమీందారు కర్రలు పట్టిన లఠైతుల్ని పంపితే లాలన్ తన శిష్యుల్ని వెంటేసుకుని వెళ్ళి కాపాడాడని చెప్పుకుంటారు. ఆ హరినాథే 1880లో చదువుకున్న కుర్రాళ్ళతో ఒక బావుల్ దళం కట్టాడు, వాళ్ళు గడ్డాలు పెట్టుకుని ఆ వేషంలో ఊళ్ళెంట పాడేవారు. తర్వాత రవీంద్రుడు. 1890 ప్రాంతంలో టాగూర్ కుటుంబపు జమీ చూసుకోవడానికి ఆయన పద్మ ఒడ్డున శిలాయిదహకి వచ్చాడు, ఛేఉరియా అక్కడికి దగ్గరే. లాలన్ బతికుండగా వేసిన బొమ్మ ఒకటే మనకి మిగిలింది, అది రవీంద్రుడి అన్నగారు జ్యోతిరింద్రనాథ్ 1889లో వేసింది, కుర్చీలో ఒంగి కూర్చున్న ముసలాయన. శిలాయిదహలో ఉత్తరాలు మోసే హర్కారా ఒకాయన ఉండేవాడు, గగన్ హర్కారా, ఆయన పాడిన నా మనసులోని మనిషిని ఎక్కడ వెతకను అనే పాట రవీంద్రుణ్ణి వదల్లేదు. 1905లో బ్రిటిష్‌వాళ్ళు బెంగాల్‌ని రెండు ముక్కలు చేసినప్పుడు ఆయన రాసిన బంగారు బెంగాల్ పాటకి ఆ హర్కారా వరసే పెట్టుకున్నాడు. ఇవాళ బంగ్లాదేశ్ జాతీయ గీతం అదే. ఉత్తరాల సంచీ మోసిన మనిషి వరసకి ఒక దేశం లేచి నిలబడుతుంది. 1915లో ప్రవాసి పత్రికలో లాలన్ పాటలు ఇరవై అచ్చయ్యాయి, 1930లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో రవీంద్రుడు ఈ మొనేర్ మానుష్‌నే ప్రపంచానికి పరిచయం చేశాడు.

రవీంద్రుడు లేకపోతే ఈ పాటలకి అంత గౌరవం వచ్చేది కాదు, అది ఒప్పుకోవాలి. కానీ లాలన్ ఆఖ్డాలో శిష్యులు చాలా ఏళ్ళు ఒక మాట చెప్పుకునేవారట, అసలు పాటల పుస్తకం రవిబాబు పట్టుకెళ్ళాడు, తిరిగి రాలేదు అని. అది నిజమా కాదా అన్నది పక్కన పెట్టినా, ఆ మాటలో ఉన్న నొప్పి నాకు నిజంగానే అనిపిస్తుంది. ఎందుకంటే పాట మాత్రమే పెద్దింటికి వెళ్ళింది. పాడినవాడు అక్కడే ఉండిపోయాడు. పాటలో కూడా అంతా వెళ్ళలేదు. బావుల్ సాధన అంటే గాలిలో తేలే భక్తి కాదు, ఊపిరి, వీర్యం, స్త్రీ రజస్సు, వీటితో చేసే దేహసాధన, స్త్రీ పురుషులు జంటగా గురువు చెప్పినట్టు చేయాల్సింది, పిల్లలు పుట్టకూడదన్నది అందులో ఒక నియమం. ఇవన్నీ పాటల్లో పడవ, నది, చంద్రుడు, చేప, తాళం, దొంగ అనే మాటల చాటున ఉంటాయి, బయటివాడికి ఒక అర్థం, దీక్ష ఉన్నవాడికి ఇంకో అర్థం. బాబులకి పై అర్థం చాలు, లోపలిది చెప్పుకోవడానికి సిగ్గు. 1957లో ఉపేంద్రనాథ్ భట్టాచార్య బావుల్ పాటల మీద పెద్ద గ్రంథం అచ్చువేసి లోపలి సాధన గురించి దాచకుండా రాశాకే చదువుకున్న లోకం ఒప్పుకోక తప్పలేదు.

ఆడవాళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సాధనలో స్త్రీ లేకుండా పురుషుడికి దారి లేదు, ఆమెని గురువు స్థానంలో పెట్టాలన్నది వాళ్ళ మాట. మొగుడు వదిలేసినవాళ్ళకి, చిన్న వయసులో విధవలైనవాళ్ళకి వైష్ణవుల, బావుల్‌ల ఆఖ్డాలు నీడనిచ్చాయి, పందొమ్మిదో శతాబ్దపు బెంగాల్‌లో అది చిన్న విషయం కాదు. కానీ దీదీ ఇంకో మాట చెప్పింది. మా బోల్‌పూర్ వైపు, పాటకి పేరొచ్చి స్టేజీలెక్కడం మొదలెట్టాక, పాత సాధనసంగినిని గుడిసెలో వదిలేసి వెళ్ళినవాళ్ళనీ చూశాను అని. ఆవిడ చిన్నప్పుడు ఇంటికి మాధుకరికి వచ్చే ఒక బావుల్ ఆవిడ అలా ఒంటరిదైపోయిందట. పిడికెడు బియ్యం పోస్తే ఒక పాట పాడి, రెండో పాట అడిగితే, గొంతులో నీళ్ళు లేవమ్మా అనేదట.

స్టేజీ కథ కూడా ఉంది. నవనీదాస్ బావుల్ అనే గాయకుడికి శాంతినికేతన్‌లో ఆదరణ దొరికింది, ఆయన కొడుకు పూర్ణదాస్ అమెరికా వెళ్ళాడు, 1967లో బాబ్ డిలన్ ఆల్బమ్ అట్ట మీద డిలన్ పక్కన నిలబడి ఉన్నది పూర్ణదాస్, ఆయన తమ్ముడు లక్ష్మణ్‌దాస్. 2005లో యునెస్కో బంగ్లాదేశ్ బావుల్ పాటల్ని మానవజాతి వారసత్వంగా ప్రకటించింది. ఈ కాలమంతా ఇంకోవైపు ఏం జరిగిందో చూడండి. పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్‌లో ఊరివాళ్ళు ఫకీర్లని వెలేస్తుంటే, కొడుతుంటే, వాళ్ళని కాపాడుకోవడానికి 1983లో బావుల్ ఫకీర్ సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది, శక్తినాథ్ ఝా అనే అధ్యాపకుడు వాళ్ళ వెంట నిలబడ్డాడు. 2008లో ఢాకా విమానాశ్రయం ముందు కడుతున్న బావుల్‌ల శిల్పాన్ని మతఛాందసుల గొడవతో కూల్చేశారు. 2011లో రాజ్‌బాడీ జిల్లాలో 28 మంది బావుల్‌లకి బలవంతంగా జుట్టూ మీసాలూ కత్తిరించి మసీదులో తౌబా, అంటే తప్పయిపోయిందనే మాట, చెప్పించారు. యునెస్కో కాగితం వచ్చిన ఆరేళ్ళకి.

టీ తాగుతూ ఆ పెద్దాయన చెప్పినదాంట్లో నాకు బాగా గుర్తున్నది ఇంకోటి. ఏడాదిలో ఎక్కువ రోజులు లోకల్ రైళ్ళలోనే పాడతానన్నాడు. రైల్లో జనానికి చిన్న పాట కావాలి, పందిట్లో హుషారు పాట కావాలి, గురువు నేర్పిన పాటలు సంక్రాంతికి కేందులి మేళాలో, అజయ్ నది ఒడ్డున, తెల్లవార్లూ మాలో మేము పాడుకుంటాం, అక్కడికి రా అన్నాడు. గీతగోవిందం రాసిన జయదేవుడి పేరు మీద జరిగే మేళా అది, వీర్‌భూమ్‌లో. మనం ఇక్కడ హరిదాసు పళ్ళెంలో బియ్యం పోసే పొద్దున్నే అక్కడ వాళ్ళు నదిలో ముణిగి పాటకి కూర్చుంటారు. దీదీ ఈసారి వెళ్తోంది, నన్నూ రమ్మంది. వెళ్ళాలని ఎంత ఉన్నా ఈసారి వెళ్ళను, ఎందుకంటే అమ్మ ఇంకో పని పెట్టుకుంది.

ఆ పేరు తెలియకపోవడం అమ్మని తొలిచేసినట్టుంది. నాతో ఏమీ అనలేదు, కానీ వారం రోజులు ఊళ్ళోవాళ్ళకి ఫోన్లు చేస్తూనే ఉంది. చిన్నమావయ్యకి తెలియదు. పెద్దమ్మకి ఆయన కట్టుకునే ఎర్ర తలపాగా గుర్తుంది, పేరు గుర్తులేదు. అమ్మకి మాత్రం అడిగేకొద్దీ ఇంకేవో గుర్తొచ్చాయి, మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు మారింది: కథ తెల్లారేదాకా సాగేదని, ఎల్లమ్మ కష్టాలు పాడుతుంటే అమ్మమ్మ కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేదని, తెల్లారాక ఆయన అరుగు కింద వీధిలో నిలబడితే చేటలో బియ్యం తెచ్చి పైనుంచి ఆయన కండువాలో పోసేవారని, ఆయన నీళ్ళడిగితే గ్లాసు ఇవ్వకుండా దోసిట్లో పోసేవారని. "నేనే పోశానే. ఎనిమిదేళ్ళుంటాయి నాకు. కింద పడకుండా పోయమ్మా అన్నాడు," అంది.

చివరికి మా ఊరి కరణంగారి మనవరాలు, ఇప్పుడు గాజువాకలో ఉంటుంది, ఆవిడకి తెలిసింది. పేరు చెప్పింది. అమ్మ దాన్ని పాల లెక్క రాసే క్యాలెండర్ మీద పెన్నుతో రాసుకుంది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, కొడుకు ఉన్నాడు, ఊరి చివర అదే ఇల్లు, జముకు గోడకి వేలాడుతోందట, వాయించేవాళ్ళు లేరు, తోలు చిరిగిందట.

సంక్రాంతికి ఊరు వెళ్తున్నాం. కనుమ రోజు వాళ్ళింటికి వస్తామని అమ్మ కబురు పంపించింది. వాళ్ళ దగ్గర్నుంచి ఇంకా ఏ కబురూ రాలేదు. దీదీ ఆ పెద్దాయన్ని అడిగి, ఖమక్‌కి తోలు ఎలా కడతారో, నరం ఎక్కడ దొరుకుతుందో ఒక కాగితం మీద తెలుగు అక్షరాల్లో రాసిచ్చింది. అమ్మ దాన్ని మడతపెట్టి పర్సులో దాచుకుంది.